టోన్ అంటే యాడ చూడాల సార్?

ఇంగ్లిష్ గడగడా చదివే పిల్లలు ప్యాసేజ్ కింది ప్రశ్న దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? వాస్తవమేదో, అభిప్రాయమేదో తేల్చుకోవడం పరీక్ష వరకే అవసరమా? ముగ్గురాయి గనుల ఊరు మంగంపేట చెబుతున్న పాఠం.

సాయంత్రం నాలుగున్నర దాటింది. మంగంపేట దగ్గర ఒక హైస్కూలు. చివరి గంట కొట్టి అరగంటైనా పదో తరగతి పిల్లలు కదల్లేదు. స్టడీ అవర్ నడుస్తోంది. కిటికీ చువ్వల మీద సన్నటి బూడిదరంగు పొడి. ముగ్గురాయి లోడుతో లారీ పోయినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు అలవాటుగా పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. రెండో బెంచీ పాప లేచి నిలబడి ఇంగ్లిష్ పాఠం చదువుతోంది. తడబాటు లేదు. కామా దగ్గర ఆగుతోంది, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి తీసుకుంటోంది.

పాఠం పేరు ‘ఏ లెటర్ టు గాడ్’. వడగళ్లకు పంటంతా పోగొట్టుకున్న లెంచో అనే మెక్సికో రైతు, వంద పెసోలు పంపమని దేవుడికే ఉత్తరం రాస్తాడు. ఆ నమ్మకం చూసి కరిగిపోయిన పోస్టుమాస్టరు తనూ వేసుకుని, తోటి ఉద్యోగుల దగ్గరా పోగుచేసి డెబ్బై పెసోలు పంపుతాడు. లెంచో లెక్కపెట్టుకుంటాడు. మిగతా డబ్బు పంపమని, అయితే పోస్టాఫీసు ద్వారా మాత్రం వద్దని, అక్కడ పనిచేసేవాళ్లు దొంగలని మళ్లీ దేవుడికే రాస్తాడు.

‘‘ఆ రెండో ఉత్తరంలో టోన్ ఏంది?’’ అన్నారు సారు.

‘‘యాంగ్రీ’’ అని ఒకడు. ‘‘శాడ్’’ అని ఇంకొకడు. గైడులో ఏముందో గుర్తు తెచ్చుకుంటూ మరొకడు పైకప్పు చూస్తున్నాడు. అంతసేపూ తప్పులేకుండా చదివిన పాప మాత్రం పుస్తకం పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పింది. ‘‘చదివినాను సార్, అర్థం కూడా అయింది. కానీ టోన్ అంటే యాడ చూడాల సార్? ఆ మాట పాఠంలో లేదు.’’

తరగతి నవ్వింది కానీ ఆ పాప అడిగింది అసలు ప్రశ్న. ప్యాసేజ్‌లో లెంచో ఇల్లు ఉంటుంది, పంట పేరు ఉంటుంది, పెసోల లెక్క ఉంటుంది. వేలు పెట్టి చూపించొచ్చు. టోన్ ఏ లైన్లోనూ ఉండదు. రాసినవాడి ఉద్దేశం కూడా అంతే. వాస్తవం, అభిప్రాయం మాత్రం లైన్లలోనే ఉంటాయి, కానీ రెండూ ఒకే రకం బట్టలు వేసుకుని నిలబడతాయి. ఆ వాక్యం మీద వేలు పెట్టగానే సరిపోదు, దాన్ని విచారించాలి.

రెండు గొంతులు, ఒక కథ

లెంచో కథ మంగంపేట, రైల్వే కోడూరు చుట్టుపక్కల పిల్లలకు పరాయిది కాదు. ఈదురుగాలి ఒక్క రాత్రి వీస్తే గెలలతో సహా నేలకొరిగే అరటి తోటల మధ్య పెరిగిన పిల్లలు వీళ్లు. కాయ దశలో మామిడి రాలిపోతే ఇంట్లో వారం రోజులు మాటలు ఎలా తగ్గిపోతాయో వాళ్లకు తెలుసు. అందుకే వాళ్లకు లెంచో బాధ చప్పున అందుతుంది. జారిపోయేది ఇంకోటి.

రెండో ఉత్తరంలో ఉన్నది లెంచో గొంతు. కోపం ఉంది, దేవుడి మీద రవ్వంత సందేహం లేదు, మనుషుల మీద బొత్తిగా నమ్మకం లేదు. కథ చెబుతున్న రచయిత గొంతు వేరు. అతను లెంచోను తిట్టడు, వెక్కిరించడు. డబ్బు వేసిన ఉద్యోగుల మంచితనం మనకు ముందే చూపించి, ఆ తర్వాత లెంచో చేత వాళ్లనే దొంగలనిపిస్తాడు. పాత్రకు తెలియనిది మనకు తెలుసు. పరీక్షలో ‘లెంచో టోన్’ అని అడిగితే ఒక జవాబు, ‘రచయిత టోన్’ అని అడిగితే మరో జవాబు. మార్కులు పోయేది ఇక్కడే.

ఇంకొక్క అడుగు వేద్దాం. ‘ఉద్యోగులు దొంగలు’ అన్నది వాస్తవమా, అభిప్రాయమా? లెంచో గట్టిగా నమ్ముతున్నాడు. చేతిలో లెక్క కూడా ఉంది. అడిగింది వంద, వచ్చింది డెబ్బై. ముప్పై తక్కువ అనేది వాస్తవం. మధ్యలో వాళ్లు కాజేశారన్నది అతను కట్టుకున్న ఊహ. సరైన అంకె మీద తప్పు తీర్పు ఇలాగే నిలబడుతుంది. వాట్సాప్‌లో తిరిగే మెసేజిల్లో చాలావాటి నిర్మాణం ఇదే. పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో ఇంత మంచి ఉదాహరణ ఉంటే, దాన్ని ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులుగా బట్టీ పట్టిస్తున్నాం.

మీడియం మీద మాట్లాడుకున్నంత...

ఇంగ్లిష్ చదువు గురించి మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగినంత చర్చ మరెక్కడా జరగలేదేమో. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేస్తూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈలోగా ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్‌తో ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. 2023 జూన్‌లో అమెరికాకు చెందిన ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచే టోఫెల్ శిక్షణ అన్నారు. ప్రభుత్వం మారాక అది పక్కకు పోయింది. 2024–25 నుంచి పదో తరగతి ఇంగ్లిష్‌కు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’ వచ్చింది. లెంచో పాఠం అందులో మొదటిది.

ఈ ఐదారేళ్లలో ఇళ్లలో, టీవీల్లో, సభల్లో మాట్లాడుకున్నదంతా ఏ భాషలో చదవాలనే. చదివినదాన్ని ఎలా పట్టుకోవాలన్న మాట వెనకబడిపోయింది. ఇంగ్లిష్ వద్దనేవాళ్లూ, కావాలనేవాళ్లూ ఇద్దరూ దాన్ని వదిలేశారు. నా దృష్టిలో ఆ చర్చలో జరిగిన అతి పెద్ద నష్టం అదే.

లెక్కలు చూడండి. 2022 అసర్ గ్రామీణ సర్వే ప్రకారం దేశంలో ఐదో తరగతి పిల్లల్లో ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. ఎనిమిదో తరగతిలో 46.7 శాతం. 2016లో కూడా ఇంచుమించు ఇవే అంకెలు. అంటే ప్రాథమిక బడి వదిలి హైస్కూలుకొచ్చిన పిల్లల్లో సగానికి పైగా ఇంకా వాక్యం దగ్గరే ఆగి ఉన్నారు. ఆ గడప దాటినవాళ్లకు తర్వాతి గడప, చదివిన వాక్యం వెనక మనిషిని చూడటం.

ఆ గడప దగ్గర మన పిల్లలు నేర్చుకున్న ఉపాయం ఒకటుంది. ప్రశ్నలో ఉన్న పెద్ద మాటను పట్టుకుంటారు. అదే మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతుకుతారు. దొరికిన లైన్‌ను మొదటి అక్షరం నుంచి ఫుల్‌స్టాప్ దాకా ఎత్తి రాస్తారు. ఎవరు, ఎక్కడ, ఎన్ని అనే ప్రశ్నలకు ఇది పనిచేస్తుంది, మార్కులూ వస్తాయి. అందుకే ఎవరూ మాన్పించరు. ‘రచయిత ఎందుకు రాశాడు’ అన్న ప్రశ్న వచ్చిన రోజు ఆ ఉపాయం చేతులెత్తేస్తుంది.

■ ప్రపంచం కూడా ఇక్కడే తడబడుతోంది

> పదిహేనేళ్ల పిల్లల చదువును కొలిచే పీసా పరీక్ష 2018లో ఈస్టర్ దీవి రాతి విగ్రహాల మీద ఒక ప్రశ్న ఇచ్చింది. ఒక ప్రొఫెసర్ బ్లాగు, ఒక పుస్తక సమీక్ష, ఒక శాస్త్ర వార్త ఇచ్చి, సమీక్షలోని వాక్యాల్లో ఏవి వాస్తవాలో ఏవి అభిప్రాయాలో తేల్చమంది. సూటిగా చెప్పని సూచనలను బట్టి ఈ రెండింటినీ విడదీయగలిగిన పిల్లలు సంపన్న ఓఈసీడీ దేశాల్లో సైతం పదిమందిలో ఒకరికన్నా తక్కువే.
>
> పెద్దల సంగతీ అంతే. అదే ఏడాది అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఐదు వాస్తవ ప్రకటనలు, ఐదు అభిప్రాయాలు ఇచ్చి విడదీయమంది. వాస్తవ ప్రకటనలు ఐదింటినీ సరిగ్గా గుర్తించినవాళ్లు 26 శాతం, అభిప్రాయాలు ఐదింటినీ గుర్తించినవాళ్లు 35 శాతం. ఇంగ్లిష్ మాతృభాష అయినంత మాత్రాన ఈ విద్య రాదన్నమాట.

ముగ్గురాయి మీద ఐదు వాక్యాలు

సిద్ధాంతం పక్కన పెట్టి, ఈ ఊరి రాయి మీదే ఒక ప్యాసేజ్ ఊహించుకుందాం. ఐదే వాక్యాలు.

ఒకటి: ‘ముగ్గురాయి, అంటే బెరైటీస్, అదే పరిమాణంలో ఉన్న నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుంటుంది.’ రెండు: ‘చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదుపులో పెట్టడానికి దీని పొడిని బురద ద్రవంలో కలుపుతారు.’ మూడు: ‘మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్దది.’ నాలుగు: ‘ఇంతటి సంపద ఉన్న నేల మీద పుట్టడం ఇక్కడి ప్రజల అదృష్టం.’ ఐదు: ‘గని వల్ల లేచే దుమ్ము స్వల్పమే.’

మొదటి రెండింటి దగ్గర ఎవరికీ పేచీ లేదు. తూకం ఉంది, ల్యాబ్ ఉంది, పరీక్షించుకోవచ్చు. నాలుగోదీ తేలికే. అదృష్టానికి కొలత లేదు. గనిలో ఉద్యోగం దొరికిన ఇంట్లో ఒక జవాబు వస్తుంది, గని కోసం ఊరు ఖాళీ చేసిన ఇంట్లో మరో జవాబు వస్తుంది. అది అభిప్రాయం.

మూడో వాక్యం దగ్గర తరగతి రెండుగా చీలుతుంది. ‘గొప్పగా చెప్పుకుంటున్నారు కాబట్టి అభిప్రాయం’ అంటారు కొందరు. ‘నిజమే కదా, కాబట్టి వాస్తవం’ అంటారు కొందరు. రెండు కారణాలూ పొరపాటే. ఇక్కడి నిక్షేపానికి తరచూ చెప్పే అంచనా సుమారు 7.4 కోట్ల టన్నులు. ఆ అంకె పక్కన మిగతా దేశాల నిక్షేపాల అంకెలు పెట్టి చూడొచ్చు. కాబట్టి అది వాస్తవ ప్రకటన. రేపు ఎక్కడో ఇంకా పెద్దది బయటపడితే అది తప్పవుతుంది, అయినా అభిప్రాయంగా మారిపోదు. పిల్లల్లో అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ ఇదే. వాస్తవమంటే నిజమని, అభిప్రాయమంటే అబద్ధమని అనుకుంటారు. తేడా నిజానిజాల్లో లేదు, సరిచూసుకునే వీలు ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. సరిచూస్తే తప్పని తేలే వాస్తవ ప్రకటనలు ఉంటాయి. సరిచూసే వీల్లేకున్నా మనసుకు నూటికి నూరుపాళ్లు న్యాయమనిపించే అభిప్రాయాలూ ఉంటాయి.

ఇక ఐదోది. చూడ్డానికి అచ్చం మొదటి వాక్యం లాగే ఉంది. ‘నేను అనుకుంటున్నాను’ అని లేదు, ‘బహుశా’ లేదు. రిపోర్టు భాష. కానీ ‘స్వల్పం’ అంటే ఎంత? దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న గాలి ప్రమాణాల ప్రకారం పీఎం10 అనే సన్నటి ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ వాక్యంలో అంకె రాసి, ఎక్కడ, ఏ నెలలో, గాలి ఎటు వీస్తుండగా కొలిచారో రాస్తే అది వాస్తవ ప్రకటన. అంకె లేని ‘స్వల్పం’ రాసినవాడి తీర్పు. వాస్తవం ముసుగులో వచ్చే ఇలాంటి అభిప్రాయాన్ని పట్టుకోవడమే ఈ విద్యలో కష్టమైన మెట్టు. పరీక్షల్లో ఎక్కువ మంది జారేదీ ఇక్కడే, బతుకులో ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

ముగ్గురాయిని కూడా కంటితో చూసి గ్రేడు కట్టరు. సాంద్రత కొలిచి ఏ గ్రేడో, బీ గ్రేడో చెబుతారు. వాక్యానికీ ఆ తూకమే కావాలి.

వాపోయారు, మండిపడ్డారు, స్పష్టం చేశారు

టోన్ దగ్గరికి మళ్లీ వద్దాం. నీళ్లబిందె పగలగొట్టుకొచ్చిన కొడుకుతో తల్లి ‘‘శానా మంచి పని చేసినావు నాయనా’’ అంటే, అది మెచ్చుకోలని మూడేళ్ల పిల్లాడు కూడా అనుకోడు. గొంతు విన్నాడు, మొహం చూశాడు. టోన్ అంటే ఏమిటో పిల్లలకు తెలుసు. కాగితం మీద గొంతు వినిపించదు, మొహం కనిపించదు, అంతే తేడా. అక్కడ మాటల ఎంపికే గొంతు.

దీన్ని నేర్పడానికి ఇంగ్లిష్ ప్యాసేజ్ కన్నా ముందు తెలుగు దినపత్రిక చాలు. ఒక నాయకుడు ఒక మాట అన్నాడనుకోండి. ఒక పత్రిక ‘పేర్కొన్నారు’ అని రాస్తుంది. ఇంకో పత్రిక ‘స్పష్టం చేశారు’ అంటుంది. వేరొకటి ‘బుకాయించారు’ అంటుంది. అన్నమాట ఒకటే. మొదటి పత్రిక పక్కకు తప్పుకుంది, రెండోది ఆయన వైపు నిలబడింది, మూడోది ఎదురు నిలబడింది. ‘వాపోయారు’, ‘మండిపడ్డారు’, ‘ఎద్దేవా చేశారు’, ‘భరోసా ఇచ్చారు’ అన్న క్రియలన్నీ మన పిల్లలు రోజూ టీకొట్టు దగ్గర వినేవే. ఒక్క పీరియడ్ ఈ పని చేయించాక ఇంగ్లిష్‌కు వెళ్తే ‘సెడ్’ స్థానంలో ‘క్లెయిమ్డ్’ ఎందుకు రాశారో, ‘అడ్మిటెడ్’ అనగానే ఎవరి మీద తప్పు పడుతుందో, ‘ఓన్లీ’, ‘మియర్లీ’, ‘సో కాల్డ్’ లాంటి చిన్న మాటలు వాక్యాన్ని ఎటు వంచుతాయో చెప్పడానికి అరగంట చాలు.

‘యాంగ్రీ, హ్యాపీ, శాడ్’ అనే మూడు మాటలతో పదో తరగతి దాకా నెట్టుకొస్తున్న పిల్లలకు టోన్ చెప్పే మాటల మూట కూడా ఇవ్వాలి. ఆదుర్దా, వ్యంగ్యం, జాలి, హెచ్చరిక, నిర్లిప్తత, ఆశ. ముందు తెలుగులో ఆ భావానికి పేరు పెట్టనివ్వండి, ఇంగ్లిష్ మాట తర్వాత వెతికిద్దాం. ద్విభాషా పుస్తకాలను అనువాదం చూసి రాసుకోవడానికి వాడినంత మంది, రెండు పేజీల్లో గొంతు ఒకేలా ఉందా అని పోల్చి చూపడానికి వాడలేదు. చేతిలో ఉన్న మంచి సాధనం అలా వృథా అయింది.

కువైట్ కాగితం

కోడూరు, రాజంపేట ప్రాంతాల్లో కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. బస్టాండు గోడల మీద, ఫోన్లలో వచ్చే ప్రకటనల్లో డ్రైవర్లు, వంటవాళ్లు, ఇంటిపనివాళ్లు కావాలని ఉంటుంది. జీతం అంకె ముందు చిన్న అక్షరాల్లో ‘అప్ టు’ ఉంటుంది. భోజనం, వసతి ‘యాజ్ పర్ కంపెనీ రూల్స్’ అని ఉంటుంది. ఓవర్‌టైమ్ ‘సబ్జెక్ట్ టు’ ఏదో అని ఉంటుంది. ఈ మూడు మాటలూ తెలియని గ్రాడ్యుయేట్ ఉండడు. కానీ ఆ ప్రకటన ఎందుకు రాశారన్న ప్రశ్న వేసుకుని చదివేవాళ్లు తక్కువ. ప్రకటన మనల్ని ఒప్పించడానికి రాసింది. ఒప్పంద పత్రం ఇరువైపులా కట్టుబడటానికి రాసింది. చట్టం ఆదేశించడానికి రాసింది. ప్రకటనలోని ‘అప్ టు’ను ఒప్పందంలోని అంకెలా చదివితే విమానం దిగాక తెలిసేది వేరు.

కువైట్‌లోనే ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు ఇవ్వాలి అని అందులో ఉంది. వెళ్లే మనిషి చేతిలో ఈ మూడు రకాల కాగితాలూ పెట్టి, ఏది దేనికి రాశారో చెప్పగలిగితే ఆ ఇంటి పదో తరగతి పిల్లకు ‘ఆథర్స్ పర్పస్’ ప్రశ్న ఎప్పటికీ కష్టం కాదు.

■ పది పాసైతే పాస్‌పోర్టు మారుతుంది

> 1983 వలస చట్టం కింద కువైట్‌తో సహా నోటిఫై చేసిన కొన్ని దేశాలకు పనికి వెళ్లేవాళ్లలో, పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) కోవలోకి వస్తుంది. వాళ్లు వెళ్లేముందు వలస అధికారి అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాళ్లు తమ కాగితం తామే చదివి అర్థం చేసుకోగలరన్న నమ్మకం ఈ ఏర్పాటు వెనక ఉంది. ఆ నమ్మకాన్ని నిజం చేయాల్సింది పదో తరగతి రీడింగ్ కాంప్రహెన్షనే.

ఊరి మీదికి వచ్చే రిపోర్టు

మంగంపేట లాంటి ఊళ్లకు ఇంకో రకం ఇంగ్లిష్ కూడా వస్తుంది. పెద్ద గని తెరవాలన్నా, విస్తరించాలన్నా 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేయాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టుల్లో దాని సారాంశం ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఇవ్వాలి. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో. కలెక్టరో, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారో సభ నడపాలి. మాట్లాడిందంతా వీడియో తీయాలి.

కాగితం మీద ఏర్పాటు బాగుంది. కానీ తెలుగులో దొరికేది సారాంశమే. వందల పేజీల పూర్తి నివేదిక ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అందులో గాలి కొలతల పట్టికలు ఉంటాయి, అవి వాస్తవ ప్రకటనలు. పట్టిక కింద ‘ప్రభావం గణనీయంగా ఉండదు’ అన్న వాక్యం ఉంటుంది, అది తీర్పు. ‘ఉపాధి అవకాశాలు మెరుగుపడతాయి’ అన్నది అంచనా. ‘తగిన చర్యలు తీసుకుంటారు’ అన్నది హామీ. ఈ నాలుగింటినీ ఒకే గొంతుతో, ఒకే అక్షరాలతో రాస్తారు. సభలో మైకు అందుకున్న రైతు ‘‘దుమ్ముతో సచ్చిపోతాండాం సామీ’’ అంటే అది ఆవేదనగా మినిట్స్‌లోకి ఎక్కుతుంది. అదే రైతు బిడ్డ లేచి, ‘ఫలానా పేజీ పట్టికలో కొలతలు ఏ నెలలో తీసుకున్నారు, మా వీధిలో ఎందుకు తీసుకోలేదు’ అని అడిగితే ఆ ప్రశ్నకు జవాబు రాయక తప్పదు. ఇద్దరూ చెప్పింది నిజమే. రెండో మాటకు కాగితంలో బలం ఎక్కువ.

భాష ఎంత పెద్ద సంగతో 2020లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మార్చిలో కొత్త ఈఐఏ ముసాయిదా ఇంగ్లిష్, హిందీల్లో వచ్చింది. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు అభ్యంతరాల గడువు ఆగస్టు 11 దాకా పొడిగిస్తూ, ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించమంది. అందులో తెలుగూ ఉంది. అర్థం కాని భాషలో అభిప్రాయం అడగడం అడిగినట్టు కాదని పిటిషనర్ల వాదన. దానికి కోర్టు తలూపింది. అయితే అనువాదం వచ్చినా, ఏ వాక్యం కొలతో ఏ వాక్యం తీర్పో తేల్చుకునే పని చదివేవాళ్లదే.

■ కడపలో ఒక చదువరి

> కడప బ్రౌన్ గ్రంథాలయం ఉన్న చోట ఒకప్పుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఉండేది. 1820లో తొలిసారి కడపకు వచ్చినప్పుడు ఆయనకు తెలుగు కొత్త. తర్వాత పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి పలు ఊళ్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు పక్కపక్కన పెట్టి పోల్పించాడు. ఏ ఒక్క ప్రతినీ గుడ్డిగా నమ్మలేదు. 1852–53లో ఆయన నిఘంటువులు అచ్చయ్యాయి. పరాయి భాష చదవడం ఎలాగో మన ప్రాంతంలోనే ఒకాయన చేసి చూపించాడు.

పరీక్షలు కూడా ఇటే తిరిగాయి

పిల్లల భవిష్యత్తు లెక్కల్లోనూ ఇది చిన్న సంగతి కాదు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరు సీశాట్. 2015 నుంచి అందులో 33 శాతం వస్తే చాలు, కానీ ఆ 33 రాక మొదటి పేపరు బాగా రాసినవాళ్లు కూడా ఇంటికి వస్తున్నారు. ప్యాసేజ్‌లో ఉన్నదానికీ, తమకు ముందే తెలిసినదానికీ తేడా తెలియకపోవడం అక్కడ పెద్ద గోతి. న్యాయ విద్యకు వెళ్లే క్లాట్ పరీక్ష 2020 నుంచి మొత్తం ప్యాసేజ్‌ల మీదే నడుస్తోంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో ఒక ప్రశ్న ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ అని ఉంటుంది, మరో ప్రశ్న ‘యెస్, నో, నాట్ గివెన్’ అని ఉంటుంది. మొదటిది ప్యాసేజ్‌లోని సమాచారం గురించి, రెండోది రాసినవాడి అభిప్రాయం గురించి. రెండూ ఒకటే అనుకుని రాసి బ్యాండ్ పోగొట్టుకునేవాళ్లకు లెక్కలేదు. ‘నాట్ గివెన్’ అని రాయడానికి మన పిల్లలు మరీ భయపడతారు. జవాబు లేదని చెప్పడం తెలియనితనంగా ఉంటుందని చిన్నప్పటి నుంచి నేర్పాం.

బడి తలుచుకుంటే

దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, డిజిటల్ బోర్డు అక్కర్లేదు, మెటీరియల్ పేరుతో ఇంకో గైడు అసలే అక్కర్లేదు. ఒకే వార్త రెండు పత్రికల్లో కత్తిరించి నల్లబల్ల పక్కన అంటిస్తే చాలు. ఒకే వాక్యాన్ని ముగ్గురు పిల్లల చేత మూడు గొంతుల్లో చదివిస్తే చాలు. ప్యాసేజ్ ఇచ్చిన వెంటనే ప్రశ్నలకు పోకుండా ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, చదివాక మనం ఏం చేయాలని కోరుకుంటున్నారు అని ముందు తెలుగులో మాట్లాడించాలి. జవాబు ఇంగ్లిష్‌లో రాయించడం ఆ తర్వాతి పని. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాయడం నామోషీ అనుకునే బడులున్నాయి. ఆ నామోషీ వల్లే పిల్లలు రెండు భాషల్లోనూ ఆలోచించడం మానేస్తున్నారు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

సిలబస్ పూర్తి కావాలి, స్లిప్ టెస్టులు పెట్టాలి, వాటి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఉపాధ్యాయుల నెత్తిన ఎంత బరువుందో తెలియనిది కాదు. కాబట్టి అడిగేది వారానికి ఒక్క పీరియడే. ఆ ఒక్క పీరియడ్‌కూ అన్‌సీన్ ప్యాసేజ్ గైడు నుంచి తీయకండి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన గనుల విషయంలో పర్యావరణ నివేదికల సారాంశాలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటించినప్పుడు వాటిని కలెక్టరేట్‌లో, స్థానిక సంస్థల ఆఫీసుల్లో జనం చూడటానికి పెట్టాలని నోటిఫికేషనే చెబుతోంది. అందులోంచి ఒక్క పేజీ తెచ్చి పదో తరగతి ముందు పెట్టండి. ఏ వాక్యం కొలత, ఏ వాక్యం తీర్పు, ఏది హామీ అని గీతలు గీయించండి. తల్లిదండ్రులు కూడా మార్కుల కార్డు చూసే రోజున ఇంకో మాట అడగండి: మా పిల్ల చదివింది ఎవరు రాశారో, ఎందుకు రాశారో చెప్పగలదా?